ఒకే రాశి, ఆరు బేరాలు

"అత్తయ్యా, మీ అబ్బాయిగారికి ఇడ్లీలు ఎన్ని వెయ్యాలో కనుక్కోండి."

శ్రీదుర్గ ఈ మాట అన్నది భర్త వీపు చూస్తూ. సత్తిరాజు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఖాళీ పళ్లెం చూస్తున్నాడు. ఇద్దరి మధ్యా కుర్చీ వేసుకుని మాణిక్యాంబ చింతపండులో గింజలు తీస్తోంది.

"ఎన్ని వెయ్యమంటావురా?"

"నాలుగు."

"రెండు చాలంటున్నాడమ్మా."

"నాలుగన్నానే అమ్మా!"

"విన్నాన్లేరా. నీ షుగరుకి రెండే."

నిన్న పొద్దుటి నుంచి ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. భార్య మాట భర్తకీ, భర్త మాట భార్యకీ మాణిక్యాంబ మీదుగానే చేరాలి. సత్తిరాజు ముప్పయ్యేళ్లుగా కొబ్బరి వ్యాపారంలో ఉన్నాడు. రైతుకీ కొనేవాడికీ మధ్య నిలబడే దళారీలను ఎంతమందినో చూశాడు. రెండు వైపులా రేటు మార్చేసి, మధ్యలో తన సరుకు కూడా అమ్ముకునే దళారీని మాత్రం కన్నతల్లిలోనే చూశాడు.

"సాయంత్రం గ్రామసభలో ఏం చెప్పబోతున్నారో అడగండత్తయ్యా."

"ఒరే, సభ సంగతి ఏంటని అడుగుతోంది. మోకాళ్ల నూనె అయిపోయి నాలుగు రోజులైంది, అది ఎప్పుడు తెస్తావో కూడా చెప్పమంటోంది."

"నూనె సంగతి నేను అడగలేదత్తయ్యా."

"నువ్వు అడగవని తెలిసే నేను కలిపానమ్మా."

సత్తిరాజు రెండిడ్లీలనీ చట్నీలో ముంచి, ఒక్కొక్కటీ నాలుగు ముక్కలు చేశాడు. ముక్కలు ఎక్కువైతే తిన్నట్టుంటుందని.

గొడవ పాలకేంద్రం దగ్గర పుట్టింది. శ్రీదుర్గ పెదమల్లంక గ్రామానికి సర్పంచి. సర్పంచి అయినా పాలగిన్నె పట్టుకుని లైన్లోనే నిలబడుతుంది. నిన్న లైన్లో ముందున్నావిడ వెనక్కి తిరిగి, "మా వీధి మొదట్లో ఆర్చీ కట్టిస్తున్నారటగా, చల్లగా ఉండాలమ్మా మీరు" అంది. వెనకున్నావిడ ఊరుకోలేదు. "ఆర్చీ ఏంటి? ఆ డబ్బుతో మా వీధిలో కల్యాణమంటపం కదా!" అంది. ఇంకొంచెం వెనకనుంచి ఎవరో "చర్చి ప్రహరీ" అన్నారు. ఇంకెవరో జిమ్ము అన్నారు. పాలు పోసి బయటికి వచ్చేసరికి, తను కట్టించబోయేవి మొత్తం ఆరని శ్రీదుర్గకి తెలిసింది.

ఆరింటికీ డబ్బు ఒక్కటే. ఊరి చివర పోరంబోకులో తవ్విన గ్యాస్ బావి ఉన్నన్నాళ్లూ కంపెనీ ఏటా పంచాయతీకి ఇస్తానన్న నిధి. మొదటి ఏడాది డబ్బు దేనికి వాడాలో ఈ సాయంత్రం గ్రామసభ తీర్మానం చెయ్యాలి. కంపెనీ ఆఫీసరు ఉదయభాస్కర్ కాకినాడ నుంచి అందుకోసమే వస్తున్నాడు.

ఆరు మాటలూ ఇచ్చినవాడు సత్తిరాజు. భార్యని ఎన్నికల్లో నిలబెట్టినప్పుడు, వీధికొకటి చొప్పున ఇచ్చాడు.

వ్యాపారంలో అతని మాటకి తిరుగులేదు. చెట్ల మీంచి కాయ దింపి రాశి పోశాక, ఆ రాశి మీద చెయ్యి వేశాడంటే అది అతనిదే. మధ్యాహ్నానికి అంబాజీపేట మార్కెట్లో ధర పడిపోయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాంటి మనిషి ఒకే రాశిని ఆరుగురికి అమ్మేశాడు.

అతని లెక్కలో అది మోసమేమీ కాదు. కొబ్బరిచెట్టు ఒక్క దింపుతో ఆగదు. ఈసారి దింపిన కాయ ఒకరికిస్తే, వచ్చేసారి దింపిన కాయ ఇంకొకరికి ఇవ్వచ్చు. గ్యాస్ బావీ అంతేననుకున్నాడు. ఈ ఏడు ఆర్చీ, పై ఏడు మంటపం, ఆ పై ఏడు ప్రహరీ. ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఎవరిది ఎన్నో ఏడో మాత్రం చెప్పలేదు. దాంతో ప్రతి వీధీ తనదే మొదటి ఏడనుకుంది.

"డ్రెయిన్ మాటేంటో అడగండత్తయ్యా."

"డ్రెయిన్ మాటేంట్రా?"

సత్తిరాజు నీళ్లు తాగాడు. ఊరి చేల నీటిని సముద్రం వైపు తీసుకుపోయే డ్రెయిన్ పూడిపోయి చాలా కాలమైంది. వానపడితే చేలు మునుగుతాయి. పోటు వస్తే ఉప్పునీరు ఎదురెక్కి తోటల్లోకి వస్తుంది. తూర్పు తోటల్లో చెట్లు తలలోని మొవ్వు ఎండి మొండాల్లా నిలబడుతున్నాయి. నిండుగా ఉండే కాయ పిడికెడయింది.

"కాయ తగ్గిన సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసో చెప్పమను."

"వాడికేం తెలీదంటున్నాడమ్మా."

"అమ్మా!"

అప్పుడే వీధి గుమ్మంలో కేక వినిపించింది.

"సత్తిరాజుగారూ! ఉన్నారాండీ, ఆయ్!"

పెదవీధి పోతురాజు. సత్తిరాజు చెయ్యి కడుక్కోకుండానే వసారాలోకి పరిగెత్తాడు. పోతురాజు చంకలో చుట్టచుట్టిన ఫ్లెక్సీ ఒకటుంది. కూర్చోమనకముందే దాన్ని గచ్చు మీద పరిచేశాడు.

ఆర్చీ బొమ్మ. పైన రెండు ఏనుగులు తొండాలెత్తి నిలబడ్డాయి. మధ్యలో సత్తిరాజు ముఖం లారీ చక్రమంత ఉంది. కింద మూల, పోస్టు బిళ్లంత గళ్లో సర్పంచి శ్రీదుర్గ ఉంది.

"ఆవిడ బొమ్మ మరీ చిన్నదయిందేమో పోతురాజూ."

"మీదైతేనేం ఆవిడదైతేనేం, ఇల్లొకటే కదండీ."

"ఇంత ఎత్తెందుకయ్యా?"

"ముందు మామూలుగానే గీయించామండి. అయితే రిగ్గు తెచ్చిన లారీ ఉంది చూశారూ, అది తగులుతుందన్నారు. అందుకని గోపురమంత పెంచేశాం."

"రిగ్గు వచ్చింది, తవ్వింది, వెళ్లిపోయింది కదా?"

"మళ్లీ వస్తేనండీ?"

సత్తిరాజు జవాబు చెప్పేలోపు పెరటి వైపు కాయలు ఒలుస్తున్న చప్పుడు ఆగింది. గొడౌన్ దగ్గరనుంచి "అయ్యగారూ" అని పిలుపు వచ్చింది. ఒక్క నిమిషం అని పోతురాజుని కూర్చోబెట్టి, సత్తిరాజు ఇల్లంతా దాటి పెరట్లోకి వెళ్లాడు.

అక్కడ రామాలయం వీధి వీరబ్రహ్మం కొబ్బరి రాశి పక్కన నిలబడి ఉన్నాడు. వడ్రంగంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. చేతిలో టేకు చెక్క ఒకటి ఉంది, అరచేతితో దాన్ని నిమురుతున్నాడు.

"మంటపం తలుపులకండీ. వాసన చూడండి."

సత్తిరాజు వాసన చూశాడు. మంచి టేకు.

"కొనేశావా?"

"మీరు మాటిచ్చాక ఆగుతానాండీ? ఇప్పుడొకటే తేల్చాలి. తలుపుల మీద అష్టలక్ష్ములు చెక్కనా, దశావతారాలు చెక్కనా?"

"రెండు రెక్కల మీద పదిమంది ఎలా పడతారయ్యా?"

"నాలుగు రెక్కలు పెడదామండి. పెళ్లివాళ్లు ధారాళంగా వస్తారు."

"ఆలోచిద్దాం. ఇక్కడే ఉండు. ముందు వైపు రాకు. ముందు వైపు... నేల తడిగా ఉంది."

మళ్లీ ఇల్లంతా దాటుతుంటే పక్కసందు గుమ్మంలో తెల్లచీర కనిపించింది. చర్చిపేట ప్రసన్నకుమారి, పిల్లలకి లెక్కలు చెప్పే టీచరు.

"నమస్కారమండీ. సభకి ముందు ఒక్కసారి గుర్తు చేద్దామని వచ్చాను. ప్రహరీ కొలతలు తెచ్చాను. మొన్న ఆదివారం ప్రార్థనలో మీ పేరు చదివించామండి. సంఘమంతా ఆమెన్ అంది."

వ్యాపారంలో సత్తిరాజు మీద చాలామంది చాలా రకాలుగా ఒత్తిడి తెచ్చారు. ఇలా ఎవరూ చెయ్యలేదు.

"కూర్చోండి టీచరు గారూ. ఇక్కడే, ఈ స్టూలు మీదే. లోపల పిల్లి ఈనింది."

"పిల్లినెప్పుడు పెంచారండీ?"

"అదే వచ్చిందండి."

ఇంటికి మూడు గుమ్మాలు ఉండటం గాలికి మంచిదని కట్టినప్పుడు మేస్త్రీ చెప్పాడు. అందులో ఇంత ఉపయోగం ఉందని సత్తిరాజుకి ఈ పూటే తెలిసింది. గుమ్మానికో మనిషి. ముగ్గురికీ కాఫీ పంపి, వేరువేరుగా తియ్యగా మాట్లాడి, వేరువేరుగా పంపించెయ్యాలి. సాయంత్రం సంగతి సాయంత్రం.

అతని లెక్క సరిగ్గానే ఉంది. మాణిక్యాంబని కలుపుకోవడం మర్చిపోయాడు.

ఆవిడ కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, మూడు గుమ్మాలకీ వినిపించేలా అడిగింది.

"ఒరే! పంచదార ఎక్కువ కావాల్సింది ఆర్చీ ఆయనకా, మంటపం ఆయనకా, గోడ టీచరమ్మకా?"

వసారాలో కుర్చీ కదిలింది. పెరట్లో ఎవరి చేతిలోంచో చెక్క పడింది.

"అందరినీ హాల్లోకి రమ్మనండత్తయ్యా. కాఫీ ఒక్కచోటే ఇచ్చేద్దాం" అంది శ్రీదుర్గ వంటింట్లోంచి.

ముగ్గురూ వచ్చారు. పోతురాజు ఫ్లెక్సీ ఈడ్చుకుంటూ వచ్చాడు. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు, పెళ్లిచూపులకి ఒకే ఇంటికి వచ్చిన మూడు కుటుంబాల్లా.

"నువ్వెందుకొచ్చావ్ వీరబ్రహ్మం?"

"మంటపం పని మీద. నువ్వో?"

"మంటపం ఏంటి? గ్యాసు డబ్బు మా ఆర్చీకి!"

"మీరిద్దరూ ఆగండి. మాకు మాటిచ్చింది గుడ్‌ఫ్రైడే నాడు. ఆ రోజు ఎవరూ అబద్ధం చెప్పరు" అంది ప్రసన్నకుమారి.

అందరూ సత్తిరాజు వైపు తిరిగారు.

"ఎవరికీ లేదనలేదు కదా. ఏడాదికొకటి. దింపు దింపుకీ ఒకరికి ఇస్తాం. ఇందులో గొడవేముంది?"

"అయితే మొదటి దింపు ఎవరికండీ?" అన్నాడు పోతురాజు.

"అది... చీటీ వేద్దాం."

"చీటీయా! ఏనుగులకి అడ్వాన్సు ఇచ్చేశానండీ నేను!"

"నా టేకు?"

"కొలతలు పాస్టరు గారు చూసి సంతకం కూడా పెట్టారండి!"

ముగ్గురూ ఒక్కసారే మాట్లాడారు. మాణిక్యాంబ ఎవరి మాటా వదిలిపెట్టకుండా అందరికీ తల ఊపింది. ఈ సందట్లో శ్రీదుర్గ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"ఆ బావి ఎన్ని దింపులిస్తుంది?"

"ఒరే, ఆ బావి ఎన్ని..." అని మొదలెట్టింది మాణిక్యాంబ.

"మీరుండండత్తయ్యా. నేనే అడుగుతున్నాను."

మాణిక్యాంబ మొహం చిన్నబోయింది. బాగా సాగుతున్న వ్యాపారం చెప్పకుండా మూసేసినట్టయింది ఆవిడకి.

"ఆఫీసరుతో మాట్లాడింది మీరు. ఏమన్నాడు?"

"పదేళ్లన్నాడు. అన్నీ కలిసొస్తే ఇంకో రెండేళ్లు."

"ఇంకేమన్నాడు?"

"ఏడాదికేడాది ఒత్తిడి తగ్గుతుందట. మనకొచ్చేదీ తగ్గుతుంది."

"తగ్గి?"

"ఆగిపోతుంది."

"ఆగిపోయాక మళ్లీ గెల వేస్తుందా?"

ప్రతి ఏడూ ఎవరో ఒక రైతు కలపకి చెట్లు అమ్ముకుని వచ్చి, ఈ ఏడు ఆదాయం బాగుందండీ అంటాడు. సత్తిరాజు వాణ్ణి కూర్చోబెట్టి మరీ తిడతాడు. ఆదాయం ఏంట్రా, నీ తోట తరిగింది, చేతిలో ఉన్నది తోటే, దాన్ని తినెయ్యకుండా ఇంకోచోట నాటుకో అంటాడు. ఆ మాట ఇప్పుడు తనింట్లో తన భార్య నోటివెంట వస్తుంటే, పాత బాకీ మనిషి ఎదురుపడ్డట్టుంది.

"కాయ అమ్మితే చెట్టుంటుంది. గ్యాసు అమ్మితే కింద ఏముంటుందండీ? మనకొచ్చేది దింపు కాదు. చెట్టే నరికి, ఏడాదికో ముక్క ఇస్తున్నారు. దాంతో ఇంకో చెట్టు నాటుకోవాలా, ఏనుగులు నిలబెట్టుకోవాలా?"

"డ్రెయిన్ చెట్టెలా అవుతుందమ్మా?" అన్నాడు పోతురాజు.

"నీళ్లు పోతే మీ చేలో రెండో పంట పండుతుందా లేదా?"

"పండుతుందనుకోండి. కానీ తవ్వితే ఎవరికి కనిపిస్తుంది? నీళ్లు పోతాయి. పోయిన నీళ్లకి ఫ్లెక్సీ ఎలా కడతామండీ? పైగా ఈ రోజు తవ్వింది నాలుగేళ్లకి మళ్లీ పూడుతుంది. ఆర్చీ అలా నిలబడుతుంది."

"పూడుతుంది, నిజమే. అందుకే వచ్చినదంతా ఒకేసారి ఖర్చు పెట్టొద్దంటున్నాను. ఏటా కొంత పక్కన పెడదాం, బావి ఆగిపోయాక కూడా పూడిక తీసుకోవడానికి. ఆర్చీ నిలబడుతుందన్నారు కదా, పక్క ఊళ్లో నిలబడే ఉంది. వానాకాలం దాని కింద మోకాల్లోతు నీళ్లలో బడిపిల్లలు కూడా నిలబడే ఉంటున్నారు."

పోతురాజు ఏనుగుల వైపు చూశాడు. అవి తొండాలు దించలేదు.

"మా చర్చి గుమ్మం దాకా నీళ్లొస్తాయండి. అవి ఆగుతాయనే గోడ అడిగాం" అంది ప్రసన్నకుమారి.

"గోడ కడితే పైనుంచి పడ్డ వాన ఎక్కడికి పోతుంది టీచరు గారూ?"

లెక్కల టీచరు కాసేపు ఆలోచించింది. ఆలోచిస్తుంటే ముఖంలో గోడ కొంచెం కొంచెంగా కూలింది.

"లోపలే ఉంటుంది" అని ఒప్పుకుంది.

"నా టేకు నానిపోతుందండీ" అన్నాడు వీరబ్రహ్మం. ఏ నీళ్లలో నానుతుందో అతనికే తెలియదు.

సత్తిరాజు లేచాడు. చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ నడిచాడు.

"నువ్వు చెప్పింది తప్పని నేననటం లేదు. కానీ దుర్గా, నా వ్యాపారానికి పెట్టుబడి ఏంటి? గొడౌనా? లారీయా? నా మాట. ఆరు వీధుల్లో ఇచ్చిన మాట ఈ సాయంత్రం సభలో వెనక్కి తీసుకుంటే, రేపు నేను రాశి మీద చెయ్యి వేస్తే ఏ రైతు నమ్ముతాడు?"

అది నిజమని అందరికీ తెలుసు. ఈ ఊళ్లో సగం తోటలు అతని చెయ్యి మీద నడుస్తున్నాయి.

"సరుకు ఇవ్వలేని బేరానికి ఏం చేస్తారు మీ వ్యాపారంలో?" అంది శ్రీదుర్గ.

"అడ్వాన్సు తిరిగిచ్చేస్తాం."

"ఇచ్చేస్తే మాట పోయినట్టా?"

"పోదు. మర్యాదగా ముగిసినట్టే."

"మరి ఈ ఆరు వీధుల దగ్గర మనం తీసుకున్న అడ్వాన్సు ఏంటి?"

సత్తిరాజుకి ప్రశ్న ఎటు పోతోందో అర్థమైంది. అయినా జవాబు చెప్పక తప్పలేదు.

"ఓట్లు."

"తిరిగిచ్చేద్దాం. రాజీనామా రాసేస్తాను. సభలో చదివి వినిపిస్తాను. ఆ తరవాత డ్రెయిన్ పేరు చెప్పి మళ్లీ నిలబడతాను. గెలిస్తే గెలుస్తాను."

"ఏమ్మోయ్!" అంది మాణిక్యాంబ. మధ్యవర్తిగా కాదు, సొంతంగా.

ముందు తేరుకున్నది పోతురాజు. సర్పంచి దిగిపోతే కుర్చీ ఎక్కేది ఉపసర్పంచి రమేష్ బాబు, ఎదుటి వర్గం మనిషి. రమేష్ బాబుకి ఊరవతల రొయ్యల చెరువులున్నాయి. గ్యాసు డబ్బు అతని చేతిలో పడితే, చెరువుల దాకా సిమెంటు రోడ్డు పడుతుంది. ఆ రోడ్డు మీద ఏనుగులుండవు, తలుపులుండవు, ప్రహరీ ఉండదు. రొయ్యలు మాత్రం హాయిగా ప్రయాణం చేస్తాయి.

"అమ్మా, అంత మాటనకండి. కూర్చోండి. కాఫీ తాగండి" అన్నాడు పోతురాజు, తన కాఫీయే ఆవిడ ముందుకి జరుపుతూ.

"తీసుకున్నది తిరిగివ్వాలిగా పోతురాజుగారూ. మీ పెదవీధిదే పెద్ద అడ్వాన్సు."

"మాది... మీరు తిరిగివ్వక్కర్లేదండి."

"అదేంటి? ఊరికే ఉంచుకోమంటారా?"

పోతురాజు సత్తిరాజు వైపు చూశాడు, గచ్చు వైపు చూశాడు, ఫ్లెక్సీలో లారీ చక్రమంత ఉన్న సత్తిరాజు వైపు కూడా చూశాడు. ఏ సత్తిరాజు ముఖమూ ధైర్యం ఇవ్వలేదు.

"అసలు మేము వెయ్యలేదండి, ఆయ్."

"ఏంటీ?" అన్నాడు సత్తిరాజు.

"రమేష్ బాబు మనుషులు కూడా ఆర్చీయే ఇస్తామన్నారండి. వాళ్ల ఆర్చీ మీద ఏనుగులతోపాటు సింహాలు కూడా ఉన్నాయి. వీధంతా అటు మొగ్గింది. మీరేమో గెలిచారు. గెలిచినవాళ్లు మాటిచ్చారు కదా, అడిగితే తప్పేముందని..."

"సిగ్గు లేదూ!" అన్నాడు వీరబ్రహ్మం.

"నువ్వు చెప్పవయ్యా, మీ వీధి సంగతి" అంది ప్రసన్నకుమారి.

వీరబ్రహ్మం చెక్కని అటూ ఇటూ తిప్పాడు. "మా వీధి సగం వేశారండి."

"ఏ సగం?"

"చిన్న సగం."

సత్తిరాజు కుర్చీలో కూలబడ్డాడు. "టీచరు గారూ, మీరైనా..."

"నేను వేశానండి. ప్రభువు సాక్షిగా వేశాను." ఆమె కొలతల కాగితం అంచు సరిచేసుకుంది. "మా ఇంట్లో మిగతావాళ్ల సంగతి నేను చెప్పలేను."

సత్తిరాజు వేళ్ల మీద కూడాడు. పెదవీధి పోయింది. రామాలయం వీధిలో పెద్ద సగం పోయింది. చర్చిపేటలో టీచరు ఒక్కరు మిగిలారు. మిగతా మూడు వీధులూ ఇంతకంటే మంచివని నమ్మడానికి ఆధారమేమీ లేదు. ఎటునుంచి కూడినా శ్రీదుర్గ ఓడిపోతోంది. కానీ గెలిచింది. అతని జీవితంలో లెక్క ఇలా తప్పి లాభం చూపించడం ఇదే మొదలు.

"మరి నువ్వెలా గెలిచావే?"

"పల్లపు కాలనీ వేసింది" అంది శ్రీదుర్గ.

పల్లపు కాలనీ అంటే డ్రెయిన్ అవతల లోతట్టు ఇళ్లు. చెట్లెక్కి కాయ దింపేవాళ్లు, గొడౌన్లో కాయ ఒలిచేవాళ్లు ఉండేది అక్కడే. ఎన్నికలప్పుడు సత్తిరాజు ఆరు వీధులు తిరిగి, ఆ ఏడో చోటికి వెళ్లలేదు. మన పనివాళ్లే కదా, వేస్తారులే అనుకున్నాడు.

"మీరు వెళ్లలేదు కదా అని నేను వెళ్లాను. వానాకాలం మంచాల మీద పొయ్యి పెట్టి వండుకుంటున్నారు వాళ్లు. ఇంటిల్లిపాదీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్కటే మాటిచ్చాను."

"డ్రెయిన్."

"ఊఁ."

సత్తిరాజు కాసేపు పైకప్పు చూశాడు. నెమ్మదిగా ముఖం విచ్చుకుంది. ఇందాకటి నుంచి గుండె మీద కూర్చున్న ఆరు వీధులూ ఒక్కొక్కటే లేచి వెళ్లిపోతున్నాయి. అడ్వాన్సు ఇవ్వనివాడికి సరుకు బాకీ ఏముంటుంది? బేరం వాళ్లే చెడగొట్టారు. తన చెయ్యి శుభ్రంగా ఉంది. ఊరికి పనికొచ్చేదీ, తన వ్యాపారానికి పనికొచ్చేదీ, ఇచ్చిన మాటా మూడూ ఒకే గట్టున చేరాయి. నీళ్లు పోతే కాయ లావెక్కుతుంది.

"రాజీనామా లేదు, ఏమీ లేదు. డ్రెయినే" అన్నాడు గట్టిగా. "సభలో నేనే చెబుతాను. ఏటా ఇంత అని పక్కన పెట్టే సంగతి కూడా చెబుతాను. పోతురాజూ, వీరబ్రహ్మం, వింటున్నారా? మాకు వెయ్యనివాళ్లు మమ్మల్ని అడగటానికి లేదు. అమ్మా, ఇంకో రెండిడ్లీలు."

"రెండు చాలు నీకు" అంది మాణిక్యాంబ.

వీరబ్రహ్మం చెక్క తీసుకుని లేచాడు. పోతురాజు ఫ్లెక్సీ చుట్టడం మొదలుపెట్టాడు. ప్రసన్నకుమారి కొలతల కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంట్లోకి మళ్లీ గాలి వచ్చినట్టుంది. శ్రీదుర్గ స్వయంగా ఇడ్లీల గిన్నె తెచ్చి, భర్త పళ్లెంలో రెండు వేసింది.

"అయితే ఇంకొక్క సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. సభలో కొత్తగా వింటే మీకు ఇబ్బంది."

"చెప్పు, చెప్పు."

"నిన్న డ్రెయినేజీ ఇంజనీరుని పిలిపించి చూపించాను. మనం మాట్లాడుకోనప్పుడు."

"మంచి పని చేశావ్. ఏమన్నాడు?"

"మనుషులతో అయ్యే పని కాదన్నాడు. పొక్లెయిన్ దిగాలి. పొక్లెయిన్ నడవాలంటే గట్టు ఖాళీగా ఉండాలి."

సత్తిరాజు ఇడ్లీ తుంచాడు.

"గట్టు సర్కారుదట. వంతెన దగ్గర నుంచి మలుపు దాకా గట్టంతా ఎవరో ఆక్రమించి కొబ్బరిచెట్లు వేశారట. అవి తీస్తే గాని మిషను దిగదన్నాడు. కాగితం మీద గీత గీసి చూపించాడు."

ఇడ్లీ ముక్క నోటి దగ్గర ఆగింది.

మాణిక్యాంబ చింతపండు బుట్ట పక్కన పెట్టింది. "ఒరే," అంది, గొంతు తగ్గించి, "ఆ చెట్లు మీ నాన్న నాటినవిరా."

ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. సత్తిరాజు తోటల్లో అన్నిటికంటే బాగా కాసేవి ఆ గట్టు మీది చెట్లు. తూర్పు తోటలు మాడిపోయినా వాటి మొవ్వు వాడలేదు. అవి గట్టు మీద ఉండి, వేళ్లు మంచి మట్టిలో దిగడం వల్ల. ఆ గట్టు ఎవరిదన్న ప్రశ్న వాళ్ల నాన్న వేసుకోలేదు. సత్తిరాజూ వేసుకోలేదు. అతను లెక్కలో వేసుకున్నది కాయలే.

"వరసలో కొన్ని తీస్తే సరిపోతుందేమో. ఎన్నన్నాడు?"

"అన్నీ."

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న ముగ్గురూ వేసుకోవడం ఆపేశారు. వెళ్లడానికి ఎవరికీ తొందర ఉన్నట్టు లేదు.

"సభలో మీరే చెబుతానన్నారు. గట్టు మీది చెట్లు మేమే ముందు తీసేస్తాం అని మీ నోటితో మొదలుపెడితే, తరవాత ఏ వీధీ నోరెత్తదు" అంది శ్రీదుర్గ. "మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

సత్తిరాజు ఆమెని చూశాడు. గోడ మీద తండ్రి పటం చూశాడు. తోటలోకి అడుగుపెట్టి ఒక్క చూపుతో ఖరీదు కట్టగల మనిషి, ఆ వరస చెట్లకి ఎంత కట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాడు. తరవాత గుమ్మం వైపు తిరిగాడు.

"ఎక్కడికి పోతురాజూ, అంత తొందరేంటి? కాఫీ కూడా తాగలేదు. వచ్చి కూర్చో. ఆ ఏనుగుల్ని ఇంకోసారి చూద్దాం."

పళ్లెంలో మూడో ఇడ్లీ వెయ్యబోతున్న శ్రీదుర్గ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.